కర్ఫ్యూ పెడితే కథైపోతుందా?

తెలుగులో పాతబస్తీ మీద కథ రాయడానికి కావలసిన సరుకులు: చార్మినార్ ఒకటి, ఇరానీ చాయ్ రెండు కప్పులు, బుర్ఖా ఒకటి, మంచి ముస్లిం ఒకరు, చెడ్డ ముస్లిం ఒకరు, ఏ పాపం ఎరగని హిందూ హీరో ఒకడు. వీటన్నిటినీ గిన్నెలో వేసి తిప్పుతూ ఉండాలి. సగం ఉడికాక ఒక మతకల్లోలం పడెయ్యాలి. పొంగు రాగానే దించుకోవడమే. చివర్లో ఆ మంచి ముస్లిం చచ్చిపోతే ఇంకా రుచిగా ఉంటుంది.

ఎగతాళి అనుకుంటే మీ ఇష్టం. ఈ రెండేళ్ళలో నా దగ్గరికొచ్చిన కథలు, షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టులు, "వెబ్ సిరీస్‌కి ఒక లైను" లాంటివి కలిపితే పదకొండు. రాసినవాళ్ళందరూ మనవాళ్ళే, అంటే పొద్దున స్టాండప్ మీటింగు, రాత్రి ప్రొడక్షన్ కాల్ మధ్యలో సాహిత్యసేవ చేసేవాళ్ళు. నేను గౌలిపురలో పుట్టి పెరిగినవాణ్ణని తెలిశాక "అన్నా, నేటివిటీ కరెక్టుగా ఉందో లేదో ఒక్కసారి చూడవా" అని పంపుతారు. నేటివిటీ అంటే ఏమీ లేదు, "హౌ", "నక్కో" అనే మాటలు సరైన చోట పడ్డాయో లేదో చూడడం. ఆ పదకొండింట్లో తొమ్మిదింట్లో కర్ఫ్యూ ఉంది. మిగిలిన రెండింట్లో బాంబు ఉంది.

ఎందుకురా నాయనా ప్రతిదాంట్లో ఇదే అంటే అందరిదీ ఒకటే జవాబు. "కాన్‌ఫ్లిక్ట్ ఉండాలి కదన్నా!"

ఉండాలి. కాదన్నదెవరు? కానీ గొడవ వేరు, సంఘర్షణ వేరు. నాకు తెలిసి ఈ రెండింటినీ కలిపేసి మన కథలకి చేసుకున్నంత నష్టం ఇంకెందువల్లా జరగలేదు. సిడ్ ఫీల్డ్ 1979లో "స్క్రీన్‌ప్లే" అని ఒక పుస్తకం రాశాడు. కథ రాద్దామనుకున్న ప్రతి సాఫ్ట్‌వేర్ కుర్రాడి లాప్‌టాప్‌లోనూ దాని పీడీఎఫ్ ఉంటుంది. పాతికా ముప్పై పేజీల దగ్గర కథ మలుపు తిరగాలని అందులో ఉంది. మనవాళ్ళు ఆ పేజీ దగ్గర బుక్‌మార్క్ పెట్టుకుని రాళ్ళు విసిరించడం మొదలుపెడతారు. అదే పుస్తకంలో, మీ పాత్రకి ఏం కావాలో ముందు తేల్చుకోండని కూడా ఉంది. ఆ పేజీలు ఎవరూ చదివినట్టు లేదు.

మన భాషలోనే చెప్తాను. కరెంటు పోయి సర్వర్ ఆగిపోయింది. దాన్ని మీ కోడ్‌లో బగ్ అంటారా? అనరు. "పవర్ ఫెయిల్యూర్" అని రాసి టికెట్ మూసేస్తారు. మీ ప్రోగ్రామ్ మంచిదో చెడ్డదో ఆ సంఘటన వల్ల ఏమీ తెలీదు. కథలో బయటినుంచి వచ్చి పడే కల్లోలం సరిగ్గా అలాంటిదే. ఆ పాత్ర స్థానంలో ఎవరున్నా పరిగెత్తేవాళ్ళే. కాబట్టి ఆ పాత్ర ఎవరో మనకి తెలీకుండానే కథ అయిపోతుంది.

డెడ్‌లాక్ అలా కాదు. రెండు ప్రాసెస్‌లూ బుద్ధిగా రాసినవే. దీని చేతిలో ఉన్నది దానికి కావాలి, దాని చేతిలో ఉన్నది దీనికి కావాలి. తప్పెవరిదీ కాదు, కదలడం ఎవరివల్లా కాదు. 1971లో కాఫ్‌మన్, ఇంకో ఇద్దరు కలిసి దీనికి నాలుగు షరతులు చెప్పారు, క్యాంపస్ ఇంటర్వ్యూకి బట్టీ పట్టే ఉంటారు. ఆ వస్తువు ఒకసారి ఒకరి దగ్గరే ఉండగలగాలి. చేతిలో ఉన్నది వదలకుండా ఇంకోదాని కోసం కాచుక్కూర్చోవాలి. ఎవరి దగ్గరనుంచీ బలవంతంగా లాక్కోవడం కుదరకూడదు. ఎదురుచూపులన్నీ గుండ్రంగా తిరిగి మళ్ళీ మొదటివాడి దగ్గరికే రావాలి. కథారచన మీద నేను చదివిన ఏ పుస్తకంలోనూ సంఘర్షణ గురించి ఇంత శుభ్రంగా రాసిలేదు.

మూడో షరతు చూడండి. బలవంతంగా లాక్కోవడం కుదరకూడదు. మతకల్లోలం అనేది సరిగ్గా ఆ లాక్కోవడమే. నాయికకి ప్రేమించినవాడు కావాలి, తండ్రిని వదలడం ఇష్టం లేదు. రెండిట్లో ఏది వదులుతుందో చూద్దామని మనం కూర్చుంటాం. ఈలోగా రచయిత వచ్చి కత్తిపోటుతో తండ్రిని చంపించేస్తాడు. కిల్ మైనస్ నైన్! పాపం ఆ అమ్మాయి నిర్ణయం తీసుకోవలసిన అవసరమే లేకుండా పోయింది. కల్లోలం సంఘర్షణని పుట్టిస్తుందని మనవాళ్ళు అనుకుంటున్నారు గానీ, అది చేసేది ఉన్న సంఘర్షణని పాడు చెయ్యడం.

పాతబస్తీలో ఇంకేం దొరుకుతుంది అని అడిగేవాళ్ళకి 1982లో సాగర్ సర్హదీ తీసిన "బజార్" హిందీ సినిమా చూపిస్తాను. గల్ఫ్ డబ్బుతో వచ్చినవాడికి హైదరాబాదులో పేదింటి పిల్లనిచ్చి పెళ్ళి చేసే వ్యవహారం మీద తీసిన సినిమా. నజ్మాకి (స్మితా పాటిల్) అఖ్తర్‌తో పెళ్ళి కావాలి. అఖ్తర్ షాకిర్ అలీ ఖాన్ అనే డబ్బున్నవాడి మీద ఆధారపడ్డాడు. షాకిర్ అలీకి హైదరాబాదునుంచి ఒక చిన్న వయసు పెళ్ళికూతురు కావాలి. సంబంధం కుదిర్చే పని నజ్మా మీద పడింది. కుదిరింది. తీరా చూస్తే ఆ పిల్ల షబ్నమ్, నజ్మా తమ్ముడిలా చూసుకునే సర్జూ ప్రేమించిన అమ్మాయి. గుండ్రంగా తిరిగి ఎక్కడికి వచ్చిందో చూశారా? ఎవరూ కత్తి తియ్యలేదు. హిందువులూ ముస్లిములూ తన్నుకోలేదు. పెళ్ళిచూపులు, మెహందీ, మంచి పాటలు, అంతే. షబ్నమ్ ప్రాణం పోయింది. ఆ పిల్లని చంపింది షాకిర్ అలీ ఒక్కడేనా అంటే, కాదని నజ్మాకి తెలుసు. చూస్తున్న మనకీ తెలుసు. ఇంటికెళ్ళాక నిద్ర పట్టదు.

దీనికంటే పదునైనది వాజిదా తబస్సుమ్ ఉర్దూ కథ "ఉతరన్". ఉతరన్ అంటే ఒకళ్ళు తొడిగి విడిచేసిన బట్టలు. నవాబుగారి దేవిడీలో పనిమనిషి కూతురు చమ్కీ. నవాబు కూతురు షెహ్‌జాదీ పాషా. ఇద్దరూ ఒకే ఈడు. పాషా విడిచినవి చమ్కీ తొడుక్కోవాలి, ఎప్పటికీ. కథకి కావలసిన సామానంతా ఇంతే, కొన్ని జతల పాతబట్టలు. పాషా దుర్మార్గురాలు కూడా కాదు, తన లెక్కలో తను దయగలది. చివరికి పాషా పెళ్ళి కుదిరినప్పుడు, ఆమెకి కాబోయే మొగుడు ముందు తనవాడయ్యేటట్టు చేస్తుంది చమ్కీ. ఇన్నేళ్ళూ నీ ఉతరన్ నేను కట్టుకున్నాను, ఇకమీదట నా ఉతరన్‌తో నువ్వు బతుకు అన్నమాట. మీరా నాయర్ 1996లో తీసిన "కామసూత్ర" సినిమాకి మూలం ఈ కథే. నాలుగు గోడల మధ్య, ఇద్దరు ఆడపిల్లల మధ్య, ఒక బట్టల మూట. మన కుర్రాళ్ళకి ఇదే దేవిడీ ఇస్తే రెండో పేజీలో రజాకార్లని దింపేవాళ్ళు.

సరే, ఇవి కళాఖండాలు, మాకు కమర్షియల్ కావాలంటారా? 2003 సంక్రాంతికి వచ్చిన "ఒక్కడు" తీసుకుందాం. పాతబస్తీ కుర్రాడు, కబడ్డీ, కర్నూలునుంచి తీసుకొచ్చిన అమ్మాయి. అందరూ కొండారెడ్డి బురుజు దగ్గర కొట్లాట గురించే చెప్తారు. నాకు గుర్తుండిపోయింది అది కాదు. అమ్మాయిని దాచింది సొంత ఇంట్లో, తన గదిలో. కింద తిరుగుతున్న తండ్రేమో పోలీసాఫీసరు, వెతికే పని ఆయనదే. గుణశేఖర్‌కి ప్రకాష్ రాజ్ ఇచ్చిన దానికంటే ఎక్కువ ఉత్కంఠ ఇచ్చింది ఆ మేడమెట్లు. కొడుకుగా దొరికిపోతాడా, దొంగగా దొరికిపోతాడా? తండ్రి తండ్రిగా చూస్తాడా, పోలీసుగా చూస్తాడా? ఆ ముక్కని ఇంకో అరగంట సాగదీసినా నేను టికెట్టు కొనేవాణ్ణి.

(పిడకల వేట: ఆ సినిమాలో చార్మినార్ సెట్టు. నా పెళ్ళి సంబంధాలప్పుడు గుంటూరు వైపునుంచి వచ్చిన ఒకాయన "మీది గౌలిపురా అండీ? అక్కడ గొడవలెక్కువట కదండీ" అన్నాడు. చార్మినార్ ఎప్పుడైనా చూశారా సార్ అంటే "ఒక్కడులో చూశానండీ" అన్నాడు.)

ఇప్పుడు రావలసిన ప్రశ్న వచ్చింది. "అంటే గొడవలు జరగలేదా? జరిగినవి రాయొద్దా?" జరిగాయి. 1990 డిసెంబర్లో నాకు తొమ్మిదేళ్ళు. కర్ఫ్యూ అంటే ఏంటో స్క్రిప్టులు చదివి తెలుసుకోవలసిన అవసరం నాకు లేదు. మా ఇంట్లో ఆ రోజుల్లో జరిగిన అసలు యుద్ధం ఒక పాలపొడి డబ్బా గురించి. తమ్ముడికి రెండేళ్ళు. పక్క వాటాలో ఉండేవాళ్ళకి నెలల పిల్ల, వాళ్ళ ఇంట్లో పాలు అయిపోయాయి. అమ్మ మా డబ్బాలో సగం గోడ మీదనుంచి ఇచ్చేసింది. నాయనమ్మ చూసింది. "మన పిలగానికి రేపు ఏం పోస్తవే?" అంది. అమ్మ జవాబు చెప్పలేదు. మూడ్రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఆ మూడ్రోజులూ ఇల్లు దాటి వెళ్ళే వీల్లేదు, రెండు గదుల ఇల్లు. నాన్న ఇటు తిరిగితే తల్లి, అటు తిరిగితే పెళ్ళాం. నాయనమ్మ తప్పు చెప్పిందా? మనవడికి పాలు కావాలనడం తప్పెలా అవుతుంది? అమ్మ చేసింది తప్పా? ఇప్పటికీ మా ఇంట్లో ఈ కేసు తేలలేదు. పక్క వాటావాళ్ళు ఏ మతమో నేను చెప్పలేదు, గమనించారా? చెప్తే వెంటనే కథ ఒక పక్కకి ఒరిగిపోతుంది. అందుకే చెప్పను.

కల్లోలం వాన లాంటిది. వాన పడుతున్నప్పుడు జరిగే కథ వేరు, వానే కథ అనుకోవడం వేరు. పత్రికవాడు వాన గురించి రాయాలి, అది వాడి ఉద్యోగం. మణిరత్నం 1995లో "బొంబాయి" తీశాడంటే ఆ ఊళ్ళో జరిగినదాని గురించే తియ్యాలనుకుని తీశాడు. ఆ అచ్చు పట్టుకొచ్చి శాలిబండలో ప్రతి ప్రేమకథకీ గుద్దితే ఎలా?

బాంబు గురించి రాయాలని ఉందా? వేంపల్లె షరీఫ్ "జుమ్మా" చదవండి. 2011లో అదే పేరుతో కథల పుస్తకం వచ్చింది. 2007 మే 18, శుక్రవారం, మక్కా మసీదులో పేలుడు. అంత పెద్ద ఘటన. కథ మాత్రం ఒక అమ్మది. కొడుకు జుమ్మా నమాజు మానకూడదని పట్టుబట్టే మనిషి, ఆ వార్త విన్నాక అదే కొడుకుని మసీదుకి పోవద్దంటుంది. పేలుడు ఎక్కడ జరిగిందండీ మరి? మసీదులో జరిగింది పేపర్లో వచ్చింది. అమ్మ లోపల జరిగింది కథలో వచ్చింది. విశ్వాసం ఒక చేతిలో, బిడ్డ ఒక చేతిలో. కాఫ్‌మన్ గారి షరతులు ఒక్క మనిషిలోనే సరిపోయాయి. ఇంకో పాత్ర కూడా అక్కర్లేదు.

నెల్లూరి కేశవస్వామి గారు "చార్మినార్" పేరుతో ఒక కథల సంపుటే వేశారు. పాతబస్తీ ఇళ్ళ లోపల హిందువులూ ముస్లిములూ ఎలా బతికారో తెలుగులో అంత దగ్గరగా రాసినవాళ్ళు తక్కువ. నేటివిటీ కోసం నన్ను అడిగే బదులు ఆ పుస్తకం వెతుక్కుంటే ఇద్దరికీ లాభం.

ఎవరో నాలుగు చెత్త స్క్రిప్టులు రాసుకుంటే నీకెందుకంత మంట అని అడగొచ్చు. చెప్తాను. నాతో పనిచేసిన కుర్రాడొకడు, యాకుత్‌పురా అబ్బాయి. మంచి డెవలపర్, మనకంటే మంచి డెవలపర్. టీమ్‌లో ఎవరైనా ఇల్లెక్కడంటే "మలక్‌పేట్ దగ్గర" అంటాడు. మలక్‌పేటకీ యాకుత్‌పురాకీ మరీ దూరం లేదు కాబట్టి అబద్ధం కాదు. కానీ "యాకుత్‌పురా" అనగానే అవతలివాళ్ళ మొహంలో ఒక అరక్షణం ఏదో వస్తుంది, అది చూడలేక అలా చెప్తాడు. ఆఫీసు దగ్గర అద్దెకి ఫ్లాట్ కోసం ఫోన్ చేస్తే రేటు మాట్లాడతారు, పార్కింగ్ మాట్లాడతారు, పేరు అడిగాక "ఇప్పుడే ఎవరో టోకెన్ ఇచ్చారండీ" అంటారు. నాలుగు నెలలు తిరిగాడు. ఆ అరక్షణం ఎక్కణ్ణుంచి వచ్చింది? టీమ్‌లో సగం మంది జీవితంలో నయాపూల్ దాటలేదు. వాళ్ళకి తెలిసిన పాతబస్తీ అంతా కథల్లోంచీ సినిమాల్లోంచీ వచ్చిందే. మనం రాసిన ప్రతి కర్ఫ్యూ ఆ అరక్షణంలో ఒక పిసరు. రాసినవాడు కాన్‌ఫ్లిక్ట్ అనుకుని రాశాడు, ఈ కుర్రాడు దానికి అద్దె కడుతున్నాడు.

ఇంకో సంగతి. పాతబస్తీలో పుట్టిన పాత్రకి కల్లోలం తప్ప ఇంకో కష్టం ఇవ్వకపోవడం అంటే ఆ మనిషిని మనిషిగా లెక్కపెట్టకపోవడమే. కూకట్‌పల్లి హీరోకి ఈఎంఐ ఉంటుంది, అమ్మకి మోకాళ్ళ నొప్పులు ఉంటాయి, మేనేజరుతో పడదు. పాతబస్తీ హీరోకి మతం ఒక్కటే ఉంటుంది. వాడికి ఈఎంఐ ఉండదా?

ఊరికే తిట్టడం కాదు, ఒక కథ ఇస్తాను. ఎవరైనా తీసుకోవచ్చు, పేరు కూడా వెయ్యక్కర్లేదు.

మెట్రో గ్రీన్ లైన్ 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది, పాతబస్తీలోకి రాలేదు. 2024 మార్చిలో ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన అయింది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, హరిబౌలి, శాలిబండ, ఆలియాబాద్ మీదుగా. రోడ్డు వెడల్పు చెయ్యాలి, కాబట్టి రోడ్డు పక్క దుకాణాలూ ఇళ్ళూ పోవాలి. గజానికి 81 వేల రూపాయలు పరిహారం. 2025 జనవరిలో చెక్కులివ్వడం, పడగొట్టడం మొదలైంది. ఇంతవరకూ వార్త. ఇక్కణ్ణుంచి నేను కల్పిస్తున్నా.

శాలిబండలో రోడ్డు మీద ఒక ఇల్లు. తల్లీ తండ్రీ పోయారు. పెద్దకొడుకు అందులోనే ఉంటాడు. చిన్నకొడుకు ఇరవై ఐదేళ్ళు జెద్దాలో ఉండి తిరిగొచ్చాడు. చెల్లెలికి పెళ్ళయి ఈది బజార్లో ఉంటుంది. ఇంటి ముందు భాగం అరవై గజాలు, అందులో ఒక దర్జీ దుకాణం. దర్జీ తెలుగాయన, ఎనభై ఐదు దాటాయి, పగిడీ ఇచ్చి చేరి యాభై ఏళ్ళవుతోంది. ఆ పిల్లలందరికీ ఆయన "మాస్టర్ చిచ్చా". ముగ్గురి స్కూలు బట్టలూ ఆయనే కుట్టాడు. మెట్రోకి నలభై గజాలు పోతోంది. కట్టడానికిచ్చే డబ్బు పక్కన పెడితే, నేలకి 32 లక్షల 40 వేలు. వాళ్ళ ధర్మం ప్రకారం కొడుకుకి రెండు వంతులు, కూతురికి ఒక వంతు. అన్నకీ తమ్ముడికీ 12 లక్షల 96 వేల చొప్పున, చెల్లెలికి 6 లక్షల 48 వేలు. చెల్లెలు ఇన్నేళ్ళలో ఎప్పుడూ వాటా అడగలేదు. ఇప్పుడు కూతురు పెళ్ళి పెట్టుకుంది. మిగిలే ఇరవై గజాల్లో చిన్న గది కట్టి చిచ్చాని అందులోనే ఉంచుతానంటాడు పెద్దవాడు.

ఇదంతా సాఫీగా ఉంది. ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టండి. తండ్రి ఏదో కచేరీలో గుమాస్తాగా పనిచేసినవాడు, పాత పద్ధతిలో షికస్తా రాత. ఉర్దూ వచ్చిన పిల్లలకి కూడా ఆ గొలుసుకట్టు కొరుకుడు పడదు. ఆ వీధిలో అది చదవగలిగేది ఒక్క మాస్టర్ చిచ్చాయే. నిజాం కాలంలో ఉర్దూ బడిలో కూర్చున్నవాడు, పట్వారీ దగ్గర పనిచేసిన తండ్రి దగ్గర ఆ రాత నేర్చుకున్నవాడు. ఆయనకి ఆ పుస్తకంలో ఏముందో చదవకుండానే తెలుసు. ముందు అరవై గజాలు 1992లో పక్కింటాయన దగ్గర కొన్నది చిన్నకొడుకు జెద్దానుంచి పంపిన డబ్బుతో. అది వాడిదేనని తండ్రి రాసిపెట్టాడు. కోర్టులో ఆ కాగితం చెల్లకపోవచ్చు. ఆ ఇంట్లో చెల్లుతుంది, తండ్రి చేతిరాత కాబట్టి.

చదివితే నిజం చెప్పినట్టు. కానీ పెద్దవాడి చేతికి ఏమీ రాదు. చెల్లెలి ఆరున్నర లక్షలు పోతాయి, రంజాన్‌లో ప్రతి ఏడూ షీర్ ఖుర్మా పంపేది ఆమే. చిన్నవాడు మిగిలిన ఇరవై గజాలూ అమ్మేసి టోలీచౌకీలో ఫ్లాట్ కొంటానంటున్నాడు, కాబట్టి చిచ్చాకి దుకాణం ఉండదు. చదవకపోతే ఎడారిలో పాతికేళ్ళు చేసినవాడి సొమ్ము పోతుంది. చిన్నవాడేమైనా విలనా? కాదు. వాడి డబ్బు వాడు అడుగుతున్నాడు.

ముగ్గురూ పుస్తకం తెచ్చి కుట్టుమిషను మీద పెట్టారు. "ఏం రాసుంది చిచ్చా?" అన్నారు. పొద్దున్నుంచీ సూదిలో దారం ఎక్కిస్తున్న మనిషి "కండ్లద్దాలు ఇంట్ల మరిచొచ్చిన బేటా, రేపు జూద్దాం" అన్నాడు. చిన్నవాడు ఆయన మొహం వైపు చూశాడు. అద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు.

ఒక్క రాయి పడలేదు. ఇందులో హిందువున్నాడు, ముస్లిములున్నారు, ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. దానికోసం మాత్రం తన్నుకోవడం లేదు. రేపటికి ఇంకా ఒక రాత్రి ఉంది. ఆ రాత్రి చిచ్చా ఇంటికెళ్ళి ఏం చేస్తాడో రాయగలిగినవాడు రచయిత. ఆ రాత్రి రాయడం చేతకాక దుకాణానికి నిప్పు పెట్టించేవాడు మనవాడు. పుస్తకం కాలిపోతుంది, చిచ్చా కాలిపోతాడు, అన్నదమ్ములు కౌగిలించుకుని ఏడుస్తారు. శుభం.

"ఇలాంటివి ఎవరు చూస్తారన్నా?" అనేది చివరి అస్త్రం. 2006లో "ది అంగ్రేజ్" వచ్చింది. పెద్ద స్టార్లు లేరు, పెద్ద ఖర్చు లేదు. విదేశాల నుంచి వచ్చిన ఇద్దరికీ, చార్మినార్ దగ్గర కూర్చునే ఇస్మాయిల్ భాయ్ గ్యాంగుకీ మధ్య ఒక చిన్న మాటామాటా. అంతే కాన్‌ఫ్లిక్ట్! ఒకరికి పరువు కావాలి, ఇంకొకరికి ఆ పరువు అనేది ఒకటుందని కూడా తెలీదు. సలీమ్ ఫేకూ కోతలు బట్టీపట్టని హైదరాబాదు ఇంజనీరు ఆ రోజుల్లో ఉన్నాడా? కొట్టుకుంటాం, కొట్టుకుంటాం అంటూ సినిమా అంతా కొట్టుకోకుండా తిరగడమే అందులో మజా. మన క్యూబికల్స్‌లో సీడీలు చేతులు మారి అరిగిపోయాయి. చూసేవాళ్ళు లేరని ఇంకెవరైనా చెప్తే వింటాను, ఆ సీడీలు అరగదీసినవాళ్ళు చెప్తే వినను.

కాబట్టి ఇకమీదట నాకు స్క్రిప్టు పంపేవాళ్ళకి ఒక చిన్న మనవి. మొదటి పేజీలో ఎవరి చేతిలో ఏముందో, ఎవరికి ఏం కావాలో రెండు వరసలుగా రాసి పంపండి. రెండో వరసలో "శాంతి" అని రాస్తే చదవను. కర్ఫ్యూ కనిపిస్తే "హౌ", "నక్కో" కూడా దిద్దను. అంతకంటే మంచి పని, ఒక ఆదివారం పొద్దున శాలిబండ దాకా రండి, నేను ఖాళీయే. గొడవల గురించి ఎవర్నీ అడక్కండి, అద్దె ఎంతో అడగండి, దుకాణం ఎవరి పేర్న ఉందో అడగండి. దర్జీ దుకాణాలు నేను చూపిస్తాను, ఉన్నన్ని రోజులు.